పుట్టినరోజు దాచుకోకు

కాకినాడ,
అక్టోబరు 28

బుజ్జమ్మా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "ఈసారి పుట్టినరోజు సంగతి ఆ ఇంట్లో ఎవరికీ చెప్పదట వదినా, వాళ్ళకెందుకు శ్రమ అంటోంది" అని చెబుతూనే గొంతు మారిపోయింది. నీ మనసు నాకు తెలుసు. 1998లో నీలాగే జపాన్‌లో ఒకరింట్లో ఉన్నప్పుడు నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

నా పుట్టినరోజు ఫిబ్రవరిలో కదా. నీగాటాలో అప్పటికి మోకాలి లోతు మంచు. నేనున్న ఇంట్లో చెప్పలేదు. చెబితే ఏదో ఒకటి కొంటారు, వండుతారు, వాళ్ళను ఇబ్బంది పెట్టినట్టవుతుందని పైకి అనుకున్నాను. లోపల ఉన్న భయం వేరు. చెప్పాక కూడా వాళ్ళు పట్టించుకోకపోతే తట్టుకోలేనేమో అని. ఆ సాయంత్రం స్టేషన్ దగ్గర పబ్లిక్ ఫోన్‌లో కార్డు పెట్టి మీ నాన్నమ్మతో మాట్లాడాను. అప్పట్లో ఇండియాకు ఫోనంటే కార్డు ఇట్టే కరిగిపోయేది. మాట మధ్యలోనే తెగిపోయింది. ఏడ్చిన మొహంతో ఇంటికి వెళ్ళలేక, పుస్తకాల షాపులో ఊరికే తిరిగి తొమ్మిది దాటాక చేరాను.

గదిలో లైటు వెలుగుతోంది. ఎనిమిదింటికల్లా పడుకునే ఒతోసాన్, అంటే ఆ ఇంటి నాన్న, దుప్పటి కప్పి ఉండే కొతాత్సు అనే వెచ్చటి బల్ల ముందు కూర్చునే ఉన్నారు. బల్ల మీద తెల్ల క్రీము కేకు, పైన స్ట్రాబెర్రీలు, మధ్యలో చిన్న చాక్లెట్ పలక మీద కటకానా అక్షరాల్లో నా పేరు. నా దరఖాస్తులో తేదీ చూసి, నేను వచ్చిన నెలలోనే ఒకాసాన్, అంటే ఆ ఇంటి అమ్మ, క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుందట. వాళ్ళ చిన్నవాడు కొతాత్సు దుప్పటి కిందే నిద్రపోయాడు. వాడి గుప్పిట్లో కొవ్వొత్తుల పొట్లం అలాగే ఉంది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ పొట్లం మాత్రం నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి చెప్పు. రేపే చెప్పు. ఇంటికొచ్చినవాళ్ళు "మాకేమీ వద్దండీ" అంటే మీ నాన్నమ్మ ఎంత గిలగిల్లాడిపోతుందో చూశావుగా. పరాయి ఇంటి పిల్లను ఏడాదిపాటు పెంచుతున్న ఆ తల్లికీ అంతే. ఎలా చెప్పాలో తెలియకపోతే ఇలా అడుగు: "నవంబరు 15న నా పుట్టినరోజు. ఆ రోజు మా ఇంట్లో పరమాన్నం వండుతారు. మీకు చేసి పెట్టనా?" అడిగినట్టూ ఉంటుంది, పిలిచినట్టూ ఉంటుంది.

వంట నీకు కొత్త కాబట్టి వివరంగా రాస్తున్నాను. వాళ్ళ బియ్యం పొట్టిగా, జిగటగా ఉంటుంది. పరమాన్నానికి మన సోనా మసూరి కంటే అదే బాగా కుదురుతుంది. అర గ్లాసు బియ్యానికి లీటరు పాలు. సన్న సెగ మీద అడుగంటకుండా కలుపుతూ ఉండు. బెల్లం కోసం వెతుక్కోనక్కర్లేదు. సూపర్‌మార్కెట్లో చక్కెర దగ్గరే 'కొకుతో' అని ముదురు గోధుమరంగు గడ్డలు దొరుకుతాయి. ఒకినావా దీవుల చెరకు బెల్లం అది, కాస్త చేదు తగులుతూ చాలా బాగుంటుంది. పొయ్యి కట్టేసి, కొంచెం వేడి తగ్గాకే వెయ్యి. మరుగుతుండగా వేస్తే పాలు విరుగుతాయి. నెయ్యికి బదులు ఉప్పు వెయ్యని వెన్న కొని, నురగ తగ్గి కమ్మని వాసన వచ్చేదాకా కరిగించి అందులో జీడిపప్పు వేయించు. జీడిపప్పు కూడా ఉప్పు లేనిదే చూసి కొను. ఏలకులు మసాలాల వరుసలో ఉంటాయి. ఒక మాట: పాలలో ఉడికిన తియ్యని అన్నం వాళ్ళలో చాలామందికి వింతగా ఉంటుంది. చిన్న చిన్న కప్పుల్లో పెట్టు. మిగిల్చినా చిన్నబుచ్చుకోకు.

ఆ ఇంటి మామ్మ, మీ ఒబాచాన్ గదిలో బుత్సుదాన్ ఉందని, రోజూ పొద్దున్నే ఆవిడ అక్కడ అన్నం పెడుతుందని రాశావు. పోయిన పెద్దలకు పెట్టే చోటు అది. మొదటి కప్పు ఆవిడ చేతికిచ్చి అక్కడ పెట్టమని అడుగు. నైవేద్యం అంటే ఏమిటో ఆవిడకు మనం వివరించాల్సిన పని ఉండదు.

తలంటుకోమని నాన్నమ్మ మరీ మరీ చెప్పమంది. అంటుకో, కానీ జాగ్రత్త. ఒఫురో అనే స్నానపు తొట్టిలో నీళ్ళు ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు దిగేవి. బయట పీట మీద కూర్చుని జిడ్డు పూర్తిగా వదిలేదాకా రెండుసార్లు షాంపూతో రుద్దుకుని, జుట్టు పైకి ముడి వేసుకున్నాకే తొట్టిలో దిగు. నీళ్ళ మీద నూనె చుక్క తేలకూడదు. కొవ్వొత్తులు ఊదడం నాన్నమ్మకు ఇష్టం లేదు. మనం దీపం ఆరిపోయిందని కూడా అనం కదా, కొండెక్కిందంటాం. ఆవిడకు నేను నచ్చజెప్పాను. ఆ ఇంటి పిల్లలు నీతో కలిసి ఊదాలని కాచుకుని ఉంటారు, ఊదు.

స్కూల్లో చాక్లెట్లు పంచాలనుకుంటే ముందు టీచర్‌ను అడుగు. తినేవి తేవడానికి ఒప్పుకోని స్కూళ్ళు అక్కడ చాలా ఉన్నాయి.

భోజనాల దగ్గర ఒబాచాన్‌తో మాట్లాడు. ఎనభై దాటిన మనిషి. ఆవిడ చిన్నప్పుడు అక్కడ వయసు లెక్కే వేరు. పుట్టగానే ఒకటి, ఆపైన ప్రతి కొత్త సంవత్సరానికీ అందరికీ ఒకేసారి ఒక్కో ఏడు పెరిగేది. పుట్టినరోజు నుంచి లెక్కపెట్టాలనే చట్టం 1950 జనవరి 1న అమల్లోకి వచ్చింది. చిన్నప్పుడు తనకంటూ ఒక పుట్టినరోజు చేశారో లేదో ఆవిడనే అడుగు. మన షష్టిపూర్తి గురించి చెబితే ఆశ్చర్యపోతుంది. వాళ్ళకూ అరవై ఏళ్ళ చక్రమే, అరవై నిండితే 'కన్రెకి' అని ఎర్ర చొక్కాయి తొడిగి పండగ చేస్తారు. ఆ ఫోటో తప్పకుండా ఆవిడ దగ్గర ఉంటుంది, చూపించమను.

గుడికి వెళ్ళలేదని బెంగ వద్దు. 15 శనివారమే. మీ ఫుజిసావా నుంచి ఎనోదెన్ రైలెక్కితే పది నిమిషాల్లో ఎనోషిమా. వంతెన మీద నడిచి దీవిలోకి వెళ్ళు. అక్కడి బెంజైతెన్ ఎవరనుకున్నావు, మన సరస్వతే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా అక్కడికి చేరింది. చేతిలో వీణకు బదులు బివా ఉంటుంది. ఐదు యెన్‌ల నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, దండం పెట్టుకుని, మళ్ళీ ఒకసారి వంగు. ఐదు యెన్‌లను 'గోఎన్' అంటారు. బంధం అన్నా వాళ్ళకు అదే మాట. సరిగ్గా ఆ రోజే షిచిగోసాన్ పండగ. మూడు, ఐదు, ఏడేళ్ళ పిల్లలకు కిమోనోలు కట్టి గుళ్ళకు తెస్తారు. వాళ్ళ పక్కన నువ్వూ ఒక ఫోటో దిగు.

మీ అమ్మ నీకు అర్ధరాత్రి పన్నెండుకు ఫోన్ చేస్తానంటోంది. ఇక్కడ ఎనిమిదిన్నరే కాబట్టి తనకు కష్టం లేదు. ఆ ఇంట్లో మాత్రం అందరూ నిద్రపోయే వేళ. వద్దని చెప్పాను. భోజనాలయ్యాక, రాత్రి ఎనిమిదికి నువ్వే వీడియో కాల్ చెయ్యి. మాకు నాలుగున్నర. అందరం ఇక్కడే ఉంటాం, అక్షింతలు పట్టుకుని. ఫోన్ ఒకాసాన్ చేతికివ్వు. మీ అమ్మ "అరిగతో గొజైమాస్" అనడం వారం నుంచి నేర్చుకుంటోంది. ఒకాసాన్‌కు "నమస్కారం" నేర్పు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోనీ, మధ్యలో నువ్వు మాట్లాడకు.

ఎనోషిమాలో సాయంత్రం సముద్రం మీద ఫుజి కనిపిస్తుంటే కదలబుద్ధి కాదు. అయినా ఆరింటికల్లా ఇంటికి వచ్చెయ్యి, తల్లీ.

ఆశీస్సులతో,
అత్త