ఇంటివారనగా ఎవరు?



మొన్న పదవ తరగతిలో ఒక బాలిక లేచి, "సారూ, కొన్ని దేశములలో పురుషుడు పురుషుని, స్త్రీ స్త్రీని వివాహమాడుటకు చట్టము సమ్మతించినదట. దీని తరువాత సంఘమున రాబోవు పెద్ద మార్పు ఏది?" అని అడిగెను. కొందరు నవ్విరి. కాని ఆ ప్రశ్న నవ్వి విడువదగినది కాదు. ఆనాడు గంట కొట్టుటచే చెప్పలేకపోయిన సమాధానమును తలిదండ్రులును చదువుదురను ఆశతో ఇక్కడ వ్రాయుచున్నాను.

ముందుగా జరిగినదానిని సరిగా తెలిసికొందము. ఇట్టి వివాహమును మొదట 2001లో నెదర్లాండ్సు దేశము అంగీకరించెను. నేడు ముప్పదికి పైగా దేశములలో అది చట్టబద్ధము. మన వారనేకులు నివసించు అమెరికాలో 2015లోను, ఆసియాలో తైవానునందు 2019లోను, థాయిలాండునందు 2025లోను అమలునకు వచ్చినది. మన దేశమున అట్లు జరుగలేదు. స్వలింగ ప్రేమ నేరము కాదని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పెను. వివాహపు హక్కును గూర్చిన వ్యాజ్యములో మొదటి అర్జీదారులు హైదరాబాదు వాసులే. అయినను అది శాసనసభలు తేల్చవలసిన విషయమని 2023 అక్టోబరు 17న కోర్టు నిర్ణయించెను.

ఇక రాబోవుదానిని ఊహించుట ఎట్లు? ప్రాణహిత పొంగునా అని తెలిసికొనుటకు సిరొంచవారికి జోస్యుడు అక్కరలేదు. ఎగువన వార్ధా, వైనగంగా నదులలో ఎంత నీరు వచ్చినదో విచారించిన చాలును. సంఘమును గూర్చియు అట్లే ఎగువకు చూడవలెను.

మన తెలుగునాట జరిగిన ఒక మార్పును పరిశీలింపుడు. వితంతువులు మరల వివాహమాడవచ్చునని 1856లోనే చట్టము వచ్చెను. కాని కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. నడుమ ఇరువదియైదేండ్లు గడచినవి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. ఆ పెండ్లికి తోడ్పడినవారు వెలికి గురియైరి. కావున చట్టము కాగితముమీద తెరచిన తలుపును ఇంట తెరచుటకు మనుష్యులు కావలెను. అంతటితోనైనను ఆ పని ముగియలేదు. మన మహారాష్ట్రమున కొల్హాపూరు జిల్లా హేర్వాడ్ గ్రామసభ, భర్త పోయిన స్త్రీకి గాజులు పగులగొట్టుట, కుంకుమ తుడుచుట వంటి ఆచారములు మానవలెనని తీర్మానించినది 2022లోనే.

మరియొక ఉదాహరణము. ఫ్రాన్సు దేశమున 1999లో, వివాహము కాకున్నను ఇరువురు కలసి జీవించుటకు ఒక ఒడంబడిక చట్టమును చేసిరి. ఆనాటి చర్చ అంతయు స్వలింగ జంటలను గూర్చియే. నేడు దానిని వాడుకొనువారిలో అత్యధికులు స్త్రీపురుష జంటలు. కొద్దిమంది కొరకు తెరచిన తలుపు పలువురకు దారి యైనది.

ఇప్పుడు మన భాషను చూడుడు. పెండ్లియైన యువకుని "ఒక ఇంటివాడాయెను" అందుము. అనగా పెండ్లియే ఇంటికి ద్వారమని మన నుడికారము భావించినది. నా ఊహలో రాబోవు మార్పు ఇక్కడనే కలదు. ఇంతవరకు జరిగిన చర్చ "ఎవరు ఎవరిని పెండ్లాడవచ్చును?" అనునది. ఇక మీదటి చర్చ "పెండ్లి లేకయే ఒకరికొకరు ఇంటివారు కాగలరా?" అనునది.

ఎగువన నీరు వచ్చుచున్న గురుతులు ఇవి. కలసి జీవించు స్వలింగ జంటను రేషను కార్డు విషయమున ఒకే కుటుంబముగా ఎంచవలెనని 2024లో కేంద్ర ఆహారశాఖ రాష్ట్రములకు తెలిపెను. అట్టివారు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరచుటకు అడ్డు లేదని ఆర్థికశాఖ ఆ యేడే స్పష్టపరచెను. కుటుంబ మేర్పడుటకు వివాహ మొక్కటియే మార్గము కాదని మద్రాసు హైకోర్టు 2025 మే నెలలో చెప్పెను.

ఇది దూరపు పట్టణముల మాట యని తలంపకుడు. భర్తలు పోయిన తోడికోడండ్రు ఇద్దరు ఒక పొయ్యిమీద వండుకొని బ్రతుకుట మీరెరుగరా? తలిదండ్రులు లేని బిడ్డను పొరుగింటి ముసలమ్మ పెంచుట చూడలేదా? ఆసుపత్రిలో "ఈమెకు మీరేమి కావలెను?" అని అడిగినపుడు అట్టివారు ఏమని చెప్పగలరు? అన్నము పెట్టినవారికి సంతకము చేయు అధికారము లేకపోవుట చిన్న కష్టము కాదు.

అయితే ఊహ ఊహయే. స్త్రీల వివాహ వయస్సును 21 ఏండ్లకు పెంచు బిల్లు 2021 డిసెంబరున లోక్‌సభకు వచ్చినపుడు అది తప్పక చట్టమగునని పలువురు తలంచిరి. 2024లో ఆ సభ రద్దగుటతో బిల్లును పోయినది. నా మాటయు అట్లే తప్పిపోవచ్చును.

తలిదండ్రులకు ఒక విన్నపము. ఈ మార్పులలో ఏది మంచి, ఏది కాదు అనుటలో మీకును నాకును భేదముండవచ్చును. కాని సంఖ్యలో తక్కువైనవారి ప్రశ్నను విని నవ్వవద్దని పిల్లలకు చెప్పుడు. మహారాష్ట్రమున తెలుగు మాటలాడు మనమును సంఖ్యలో తక్కువవారమే. అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన ఏర్పాటు చేయవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిరి గనుక నేడు మన బిడ్డలు తెలుగున చదువగలుగుచున్నారు. మన మాట విన్నవారుండుటచేతనే అది జరిగినది.

అభ్యాసము

1. 1856 నాటి చట్టమునకును 1881 నాటి వివాహమునకును నడుమ అంత కాలము పట్టుటకు కారణము లేమి?
2. "ఇల్లు" అను మాటతో ఏర్పడిన పలుకుబడులు ఐదు వ్రాసి, వానిలో వివాహమును సూచించునవి ఏవో తెలుపుడు.
3. మీ యింటి పెద్దలను అడిగి, వారి బాల్యమున కూడదనబడి నేడు సామాన్యమైన ఆచార మొకదానిని పది వాక్యములలో వర్ణింపుడు.