బల్ల దిగిన బోర్డు బతకాలంటే...

ఎంబెడెడ్ ఉద్యోగాల ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? అయితే ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: ‘‘ఫ్యాక్టరీలో 24 వోల్టుల ప్రాక్సిమిటీ సెన్సర్ ఉంది. దాన్ని ఈఎస్‌పీ32 పిన్‌కి ఎలా కలుపుతారు?’’ మధ్యలో రెసిస్టర్ పెడతామని చెప్పడం తేలికే. ఎంత విలువ, ఎందుకంత అన్న దగ్గరే అసలు పరీక్ష. కాలేజీ ప్రాజెక్టు బల్ల మీద ఒక్క రోజు పనిచేస్తే మార్కులు పడతాయి. ఉద్యోగంలో మీ బోర్డు బల్ల దిగి మోటార్ల పక్కకు, ఎండలోకి వెళ్తుంది.

పిన్ ఎందుకు పోతుంది?

ఉదాహరణకు, ఆర్డుయినో యూనోలో ఉండే ఏటీమెగా328పీ డేటాషీట్‌లో ‘అబ్సల్యూట్ మ్యాగ్జిమమ్ రేటింగ్స్’ పట్టిక చూడండి. రీసెట్ మినహా ఏ పిన్ మీదా వోల్టేజి మైనస్ 0.5 కంటే దిగకూడదు, సరఫరా కంటే 0.5 వోల్టులకు మించి ఎక్కకూడదు. పిన్ లోపల రక్షణ డయోడ్లు ఉన్నమాట నిజమే. కానీ అవి చేయి తగిలినప్పుడు వచ్చే స్టాటిక్‌ను క్షణకాలం తట్టుకోవడానికే. 24 వోల్టులు నేరుగా తగిలితే కరెంటు వాటి గుండా సరఫరా లైనులోకి పోటెత్తుతుంది. పిన్‌తో మొదలై చిప్ మొత్తం పోవచ్చు.

జవాబు ఇలా కట్టండి

సెన్సర్ వైపు 22 కిలో ఓమ్‌లు, గ్రౌండ్ వైపు 3.3 కిలో ఓమ్‌లు పెడితే 24 వోల్టులకు పిన్ దగ్గర 3.13 వోల్టులే ఉంటాయి. సెన్సర్ వైపు సరఫరా 30 వోల్టులకు ఎగబాకితే? లెక్క 3.9 దాటి పిన్ హద్దును మించుతుంది. అందుకే బీఏటీ54ఎస్ లాంటి షాట్కీ డయోడ్ జత కావాలి. 22 కిలో ఓమ్‌లు ముందే అడ్డున్నాయి కాబట్టి అప్పుడు డయోడ్ మోసేది దాదాపు 0.1 మిల్లీ ఆంపియరే.

గ్రౌండ్లు వేరుగా ఉంచాలంటే పీసీ817 ఆప్టోకప్లర్ వాడొచ్చు. 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో దాని ఎల్‌ఈడీకి సుమారు 10 మిల్లీ ఆంపియర్లు అందుతాయి. ఇక్కడే చాలామంది మర్చిపోయేది ఒకటుంది: ఆ రెసిస్టర్‌లో 0.24 వాట్ల వేడి పుడుతుంది. పావు వాట్ రెసిస్టర్‌కి అది అంచు, అర వాట్‌ది వేయాలి. అడగకముందే మీరీ మాట చెబితే పని తెలిసినవారని అర్థమవుతుంది.

ఇంట్లోనే సాధన

ట్యాంకులోని ఫ్లోట్ స్విచ్ వైరును మోటార్ వైరు పక్కనే ఓ 20 మీటర్లు లాగారనుకోండి. మోటార్ ఆగిన ప్రతిసారీ ఆ వైరులో స్పైక్ పుట్టి, ట్యాంకు నిండకపోయినా నిండిందని కంట్రోలర్ పొరబడవచ్చు. పిన్ దగ్గర సిరీస్ రెసిస్టర్, 0.1 మైక్రో ఫారడ్ కెపాసిటర్ పెట్టి తేడా గమనించండి. అదే కెపాసిటర్ వేగంగా తిరిగే ఎన్‌కోడర్ పల్సులను మింగేయగలదనీ గుర్తుంచుకోండి. ముందుగా ఎల్‌టీస్పైస్‌లో సిమ్యులేట్ చేసి, కైక్యాడ్‌లో బోర్డు గీయండి. రెండూ ఉచితమే. పిన్‌కి తగిలించే ముందు మాత్రం మల్టీమీటర్‌తో వోల్టేజి కొలవండి.

ఎవరికి పనికొస్తుంది?

ఈసీఈ, ఈఈఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్ బీటెక్, డిప్లొమా విద్యార్థులకు హార్డ్‌వేర్ డిజైన్, పీసీబీ డిజైన్, టెస్టింగ్, ఫీల్డ్ సర్వీస్ పనుల్లో ఇది రోజూ ఎదురయ్యే విషయం. రెజ్యూమెలో ‘ఐఓటీ వాటర్ లెవెల్ కంట్రోలర్’ అని రాసి వదిలేయకండి. ఎంత పొడవు వైరు, ఏ స్పైక్ వచ్చింది, ఏ భాగంతో ఆపారు అన్నది రెండు వరుసల్లో రాయండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు అక్కడి నుంచే వస్తాయి, జవాబులు మీరు చేతులారా చేసిన పనిలోనే ఉంటాయి.