కుదురులేని కాళ్లను గూర్చి మేనకోడలికి

అనంతపురము

చి॥ల॥సౌ॥ మేనకోడలికి,

నీ జాబు ముట్టినది. రాత్రి పడుకొన్నంతనే పిక్కలలో చీమలు ప్రాకినట్లయి, లేచి నాలుగడుగులు వేసినగాని నెమ్మదింపక, మరల పడుకొన్నంతనే మొదలగు ఆ బాధకు డాక్టరు వ్రాసిన ప్రామిపెక్సోల్ మాత్ర తొలుత చక్కగా పనిచేసినదనియు, ఇప్పుడు అదే మాత్ర వేసికొనుచున్నను ప్రొద్దు వాలకమునుపే, మగ్గపు గుంటలో కూర్చుండగనే కాళ్లు పీకుట మొదలై చేతులకును ప్రాకుచున్నదనియు, మాత్రను రెట్టింపు చేసికొందునా యనియు వ్రాసితివి.

చేసికొనకుము. రెస్ట్‌లెస్ లెగ్స్ అను ఈ వ్యాధికి ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అను మందులు మెదడులో డోపమైను చేయు పనిని అనుకరించి ఉపశమనమిచ్చును. అమెరికాలో ఈ వ్యాధికి 2005లో రోపినిరోల్, 2006లో ప్రామిపెక్సోల్ అనుమతి పొంది, చాలకాలము మొట్టమొదట ఇచ్చు చికిత్సగా చెలామణి అయినవి. కాని దీర్ఘకాలము వాడినవారిలో పలువురికి ఆ మందే బాధను ముందటి గంటలకు జరిపి, కాళ్లనుండి చేతులకు వ్యాపింపజేయును. దీనిని వైద్యులు ఆగ్మెంటేషన్ అందురు. నీవు వ్రాసిన లక్షణములు అచ్చముగా అవియే. అప్పుడు మోతాదు పెంచుట వడ్డీ కట్టుటకై మరల అప్పు చేయు మన శెనక్కాయ రైతు వ్యవహారమే. 2025లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ వారు వీనిని సామాన్యముగా వాడవలదని తమ మార్గదర్శకములలో సూచించిరి. అటులని ఒక్క రాత్రిలో మానివేసితివా, కంటికి కునుకుండదు. డాక్టరు చూచుచుండగా మెల్లమెల్లగా తగ్గించుకొనవలెను. మరియొక మాట. ఈ మందులవలన కొందరికి జూదముమీదనో, వస్తువులు కొనుటమీదనో పట్టరాని మోజు పుట్టును. చీరలు నేయు మీ ధర్మవరములో ఆ చీరలమీది మోజును రోగమని ఎవ్వరనుమానింతురు? అందువలననే ముందుగా హెచ్చరించుచున్నాను.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. 1672లో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ ఈ బాధను వర్ణించెను. 1945లో స్వీడను దేశపు ఎక్బోమ్ దీనికి పేరిడెను. ఆ దేశమువాడే యగు నార్డ్‌లాండర్ 1953 నాటికే రోగుల సిరలలోనికి ఇనుము నెక్కించి గుణము చూపెను. ఇంత పాతసంగతిని మాత్రల సౌకర్యము వచ్చినపిదప లోకము మఱచినదని నాకు తోచును. మెదడులో ఇనుము కొరవడిన డోపమైను నడక తప్పును; హిమోగ్లోబిను సరిగానున్నంత మాత్రమున మెదడునకు ఇనుము చాలినదని చెప్పరాదు. కావున ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ అను ఇనుము పరీక్షలు చేయింపుము. ఫెరిటిన్ 20 ఉన్నను ల్యాబు కాగితముమీద ‘నార్మల్’ అని పడవచ్చును; ఈ వ్యాధి గలవారికి మాత్రము 75 లోపున్నచో ఇనుము ఇయ్యవలెననియు, 100 వరకును సిరద్వారా ఎక్కించుట యోచింపదగుననియు నిపుణుల మతము. జ్వరమున్నప్పుడు పోకుము, ఆ అంకె అబద్ధముగా పెరుగును.

మన నేల కెఱుపు ఇనుపతుప్పు వలననే వచ్చినది, ఆ నేలను త్రొక్కు ఆడవారి రక్తములో మాత్రము ఇనుము కఱవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున స్త్రీలలో సగమునకు మించి రక్తహీనులే. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగింపగా, ఏటికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు ఈ పీఠభూమిలో, వాన తప్పిన యేడు పళ్లెములో ఆకుకూర కనబడుటయే అరుదు. రాగిసంగటి బలమైన తిండియే, మానుమనను. కాని రాగులలోని ఫైటేట్లును కాల్షియమును ఇనుమును ఒంటబట్టనీయవు, భోజనమైన వెంటనే త్రాగు టీ మిగిలినదానిని కూడ చెఱచును. డాక్టరు ఇనుపమాత్ర వ్రాసినచో పరగడుపున నిమ్మరసముతో, దినము విడిచి దినము వేసికొనవచ్చునేమో యడుగుము. అట్లు వేసికొన్న బాగుగ ఒంటబట్టునందురు. మూడు నెలలకు ఫెరిటిన్ అంకె పెరుగకున్న, ఆస్పత్రిలో పర్యవేక్షణమున ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ ఎక్కింతురు. మరునాటికే కాళ్లు కుదుటపడునని ఆశపడకుము, వారములు పట్టును. నెలసరిలో రక్తము అధికముగా పోవుచున్నదేమో, మేనమామ యడుగదగిన మాట కాకున్నను, డాక్టరమ్మతో దాచక చెప్పుము.

చిరకాలము మందులంగడిలో కూర్చున్నవాడను గనుక ఇంకొక దొంగను చూపెదను. జలుబు మాత్రలలోని క్లోర్‌ఫెనిరమైన్, వాంతుల కిచ్చు మెటోక్లోప్రమైడ్, నిద్రకనియు నరముల నొప్పికనియు వ్రాయు అమిట్రిప్టిలిన్, ఇవన్నియు ఈ బాధను రెచ్చగొట్టగలవు. ఇంటిలోని మాత్రలన్నిటిని ఒక సంచిలో వేసికొని డాక్టరు బల్లమీద క్రుమ్మరింపుము. క్రియాటినిన్ కూడ చూపించుము. మూత్రపిండములు చెడినవారికిని ఈ బాధ వచ్చును. మన బోరునీళ్ల ఫ్లోరైడు తెచ్చు కీళ్లనొప్పితో దీనిని కలుపుదురేమో. కీళ్లనొప్పి కదలిన హెచ్చును, ఇది కదలిన తగ్గును.

ప్రామిపెక్సోల్ స్థానమున గాబాపెంటిన్ గాని ప్రెగాబాలిన్ గాని వ్రాయవచ్చును. వానివలన మగతయు తలతిరుగుటయు కలుగవచ్చును, మూత్రపిండములనుబట్టి మోతాదు కట్టవలెను. వానికిని లొంగనిచోట స్వల్పమోతాదులో ఓపియాయిడ్లను వాడు నిపుణులున్నారు. ఆ నిర్ణయము వారిది.

అంతవరకు గంట కొకసారి గుంటలోనుండి లేచి పిక్కలు సాగదీయుము, రాత్రి గోరువెచ్చని నీటితో కాళ్లు కడుగుము. మనసు పనిలో లగ్నమైనప్పుడు ఈ బాధ కొంత అణగును గనుక లెక్క తప్పరాని బుట్టాపనిని సాయంకాలమునకు పెట్టుకొని, చేయి తానే ఆడు సాదా నేతను ఉదయమున ముగింపుము. చీరలు తీసికొని బెంగుళూరునకు రాత్రిబస్సులో పోవుట మానుకొనుము.

వచ్చు సోమవారము ఆ రక్తపరీక్షలకు అల్లుని వెంటబెట్టుకొని రమ్ము. పాత చీటీలన్నియు తెమ్ము. ముందటి దినము ఇనుపమాత్ర ఏదియు వేసికొనక, ఆ ఉదయమున టీ సైతము త్రాగక బయలుదేరుము. రక్తమిచ్చిన పిదప మీ అత్త చేతి ఉగ్గాని తిందువుగాని.

ఇట్లు,
నీ మేనమామ