వాన చూసి వీధి, వాయిదా కట్టి ఇల్లు

ఇల్లు కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఎంతలో వస్తుంది?" అని. తర్వాత "బ్యాంకు ఎంత ఇస్తుంది?" అని. "నెలనెలా నేనెంత మోయగలను?" అన్న ప్రశ్న మాత్రం ఈ రెండింటి మధ్య ఎక్కడో జారిపోతుంది. బ్యాంకువాళ్లు మీ జీతం స్లిప్పు చూస్తారు. మీ అమ్మగారి మందుల చీటీ చూడరు. చెల్లెలి పురిటి ఖర్చు, సంక్రాంతికి అల్లుడొస్తే అయ్యే ఖర్చు వాళ్ల లెక్కలోకి రావు. అవి చూసుకోవలసింది మనమే. ముప్పై ఏళ్ల వయసొచ్చి, డిగ్రీలు చదివి, నెల జీతం తెచ్చుకుంటూ ఆ ఒక్క లెక్క వేసుకోవడానికి బద్ధకిస్తున్నామంటే నాకు కోపమొస్తుంది.

నేను అద్దె ఇళ్లలో పెరిగినవాణ్ని. విజయనగరంలో మేం వీధి మారినప్పుడల్లా మంచాలు, బీరువా, తులసి కుండీ రిక్షా ఎక్కేవి. ఇంటాయన గుమ్మంలోకి వస్తే మా నాన్నగారు కుర్చీలోంచి లేచి నిలబడేవారు. అది నా ఒంట్లో ఉండిపోయింది. పెద్దయ్యాక ఎవరైనా గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లి, నవ్వుతూ భోంచేసి వచ్చి, ఆ రాత్రంతా దొర్లేవాణ్ని. అసూయ కొంత, అవమానం కొంత. అలాంటి రాత్రి తెల్లారాక ఎవరు ఏ ఫ్లాటు చూపించినా బావుందనిపించేది. బ్రోకరు "ఈ వారంలో అడ్వాన్సు ఇచ్చీండి సార్, వేరే పార్టీ రెడీగా ఉంది" అంటే చెయ్యి జేబులోకి వెళ్లిపోయేది. బ్యాంకు బ్యాలెన్సు సరిచూసుకోకముందే ఈ తొందరను సరిచేసుకోవాలి. దీన్ని కట్టెయ్యడానికి నాకు పనికొచ్చిన అలవాటు ఒక్కటే ఉంది, దాని గురించే ఈ వ్యాసం.

ఇల్లు కొనాలని అనుకున్న నెల నుంచే, ఇల్లు లేకుండానే, వాయిదా కట్టడం మొదలుపెట్టండి. ఏడాదంతా కట్టండి. ఆ ఏడాదిలోనే మనసుపడ్డ వీధిని ఎండాకాలం, వానాకాలం, పండగ, పనిరోజు అన్నీ చూడండి. ఏడాది తిరగకుండా ఎక్కడా సంతకం పెట్టకండి.

లెక్క చెప్తాను. 30 లక్షల ఇల్లు అనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా బ్యాంకు ఇవ్వవచ్చు. ఇస్తోంది కదా అని పట్టుకొచ్చెయ్యకండి. 24 లక్షలే తీసుకున్నా, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువు పెడితే నెలకి సుమారు 20,800 రూపాయలు కట్టాలి. ఇరవై ఏళ్లూ కడితే దగ్గరదగ్గర 50 లక్షలు. ఈ అంకెను మీ ఆవిడ ముందు కూర్చుని గట్టిగా చదవండి. ఇప్పుడు 8,000 అద్దె కడుతుంటే తేడా 12,800. జీతం పడిన రోజే ఆ తేడా వేరే ఖాతాలో పడిపోవాలి. ఆ ఖాతాకి ఏటీఎం కార్డు వద్దు, ఫోన్‌పే అసలే వద్దు. చేబదులు అడిగేవాళ్లకి ఆ ఖాతా ఉందన్న సంగతే తెలియకూడదు.

ఈ ఏడాది మీకు రెండు ఇస్తుంది. మొదటిది డబ్బు. పన్నెండు నెలలకి 1,53,600. మన ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి ఏడున్నర శాతం. 30 లక్షల మీద 2,25,000 రూపాయలు. దీనికి బ్యాంకు అప్పు సాధారణంగా రాదు, మన చేతిలోంచే పెట్టుకోవాలి. చాలామంది దీన్ని చివరి వారంలో గుర్తుతెచ్చుకుని ఇంట్లో బంగారం పట్టుకుని తాకట్టుకి పరిగెడతారు. ఏడాది వాయిదా కట్టినవాడి దగ్గర ఇందులో మూడింట రెండు వంతులు అప్పటికే ఉంటుంది.

రెండోది ఇంకా విలువైనది, మీ గురించి మీకు తెలియడం. నేను ఏప్రిల్, మే నెలల్లో హుషారుగా వేశాను. జూన్ వచ్చింది. స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం, ఆటోకి అడ్వాన్సు. ఆ నెల ఖాతాలో రూపాయి పడలేదు. జనవరిలో భోగి నుంచి ముక్కనుమ దాకా అదే వరస. నేను మోయగలననుకున్న బరువుకీ నిజంగా మోయగలిగిన బరువుకీ మధ్య ఎంత తేడా ఉందో ఆ రెండు నెలలే చెప్పాయి. అప్పు అంకె తగ్గించుకుని మళ్లీ మొదలుపెట్టాం. మనిషి తన పనికి పట్టే కాలాన్ని తరచూ తక్కువగా ఊహించుకుంటాడని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు డెబ్బైల చివర్లోనే రాశారు. వాళ్ల పుస్తకాలు చదివే ఓపిక లేకపోతే ఫర్వాలేదు, మీ జూన్ నెల పాస్‌బుక్కు చదవండి. ఖాతా ఖాళీగా ఉంటే కుంగిపోవద్దు. బ్యాంకు నోటీసు రాకుండానే, పరువు పోకుండానే ఆ సంగతి తెలిసింది. సంతోషించాల్సిన విషయం.

ఇక వీధి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో వీధిని చూడవలసిన నెల అక్టోబరు. 2013లో ఫైలిన్ తుపాను తీరం దాటింది అక్టోబరు 12న. 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరు 12నే. 2018లో పలాస, మందస, వజ్రపుకొత్తూరు తోటలను నేలమట్టం చేసిన తిత్లీ అక్టోబరు 11న. 2021లో గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది సెప్టెంబరు చివరి వారంలో. ఇలాంటి నేల మీద పుట్టి పెరిగి, మార్చి నెలలో, పొడి మట్టి మీద, బిల్డరు కారులో ఏసీ వేసుకుని వచ్చి ఇల్లు ఖాయం చేసుకుంటారా? శ్రీకాకుళం పట్టణం మధ్యలోంచే నాగావళి పోతుంది. ఏ పేట ఎంత పల్లమో అక్కడ కాపురమున్నవాళ్లకి తెలుసు, బ్రోచరుకి తెలీదు.

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెళ్లండి. బండి వీధి మొదట్లో ఆపి నడవండి. గోడల మీద తడి గీత ఎంత ఎత్తున ఉందో చూడండి. కొత్త రంగు వేసి గీతను కప్పెయ్యొచ్చు గానీ, తలుపు చెక్క అడుగున ఉబ్బు దాగదు. సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు పోస్తూ పోయిన వీధుల్లో పాత ఇళ్ల గుమ్మాలు రోడ్డు కంటే కిందికి దిగిపోయి ఉంటాయి. ఆ గుమ్మం ముందు ఇటుకలతో అడ్డు కట్టుకున్నారంటే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అర్థమైపోతుంది. ఊరి శివార్లలో కొత్త లేఅవుటు అయితే పాత పటంలో అక్కడ గెడ్డ గానీ బంద గానీ ఉందేమో కనుక్కోండి. గెడ్డకి రోడ్డేసి నంబర్లు పాతినా, వాననీరు తన పాత దారినే వస్తుంది.

చూడటంతో సరిపెట్టుకోకుండా అడగండి. చదువుకున్న మనకి వీధిలో ఆగి ముసలమ్మని ఒక మాట అడగడానికి నామోషీ. నాకూ ఉండేది. గొంతు పెగలక వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేసేవాణ్ని. చివరికి ఒక చోట కుళాయి దగ్గర బిందె పట్టుకున్న ఒకావిడని అడిగాను.

"వానలకి ఇక్కడికి నీళ్లొస్తాయా అమ్మా?"

"రాకేటి బావూ! ఆ తుపానుకి ఈ అరుగు మీదికి ఒచ్చీసాయి. గుంటల్ని ఎత్తుకొని డాబా ఎక్కీసినాం."

ఆ వీధి మా లెక్కలోంచి పోయింది. ఆవిడకి నేను రూపాయి ఇవ్వలేదు, టీ కూడా పోయించలేదు. అపరిచితుణ్ని ఒక ప్రశ్న అడగడం ఇన్ని లక్షల విలువ చేసే విద్య అని ఏ కాలేజీలోనూ నేర్పలేదు నాకు.

మే నెలలో వెళితే ఇంకో ప్రశ్న: కుళాయి ఏ వేళకి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, ట్యాంకరు ఎన్నాళ్లకొకసారి? విజయనగరం తాగేది చంపావతి, గోస్తనీ నీళ్లు. ఎండలు ముదిరితే ఆ నదుల్లో ఇసకే కనిపిస్తుంది. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను మూడు లాంతర్ల దగ్గర గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగే రోజు, ఆ చుట్టుపక్కల ఇల్లు కొనాలనుకుంటున్నవాడు ఆ జనంలో నిలబడి చూడాలి. నాకైతే ఆ సందడిలో ఉండటమే ఇష్టం. మంచాన పడ్డ పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం అంబులెన్సు ఎటు నుంచి వస్తుందో ఆలోచించుకోవాలి. రథసప్తమికి అరసవల్లి దారిలో ఉండేవాళ్లదీ ఇదే సంగతి.

రోజూ పనికి వెళ్లే దూరం సంగతి తేలిగ్గా తీసుకుంటాం. పైడిభీమవరం మందుల కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, రైలెక్కి విశాఖ వెళ్లొచ్చేవాళ్లు మన రెండు పట్టణాల్లోనూ కొల్లలు. జర్మనీ ఉద్యోగుల వివరాలు పట్టుకుని ఫ్రే, స్టట్జర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తేల్చిందేమిటంటే, దూరంగా కొన్న చవక ఇల్లు గానీ దూరం వెళ్లి తెచ్చుకున్న ఎక్కువ జీతం గానీ రోజువారీ ప్రయాణంలో పోయిన సుఖాన్ని పూడ్చలేవని. జర్మనీ ప్రయాణాల సంగతే అదైతే, రాత్రి డ్యూటీ దిగి జాతీయ రహదారి మీద లారీల మధ్య బండి నడిపే మనవాళ్ల మాటేమిటి? శ్రీకాకుళంలో ఇల్లు చూసుకునేవాళ్లు స్టేషను ఆమదాలవలసలో ఉందన్న సంగతి మరిచిపోవద్దు. తెల్లవారుజామున అక్కడిదాకా ఆటో దొరుకుతుందో లేదో ఒకసారి స్వయంగా వెళ్లి చూడండి.

ఇక భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పే బోర్డుల మాట. "ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలు" అన్న ప్లాట్ల బోర్డు లేని మలుపు లేదు రణస్థలం దాకా. ఆ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది. మొదటి శంకుస్థాపన చూసి అప్పు చేసి స్థలం కొన్నవాడు రెండో శంకుస్థాపన దాకా నాలుగేళ్లకు పైగా వాయిదాలు కట్టాడు, మరోపక్క ఊళ్లో అద్దే కట్టాడు. ఆ స్థలాల ధర పెరగదని నేననను. తలదాచుకోవడానికి మొదటి ఇల్లు లేనివాడు ఆ పందెంలోకి దిగకూడదంటున్నాను. పిల్లలు స్కూలుకి వెళ్లేది రేపు పొద్దున్న.

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే మీ న్యాయవాది నాకంటే బాగా చెప్తారు. ముప్పై ఏళ్ల ఈసీ తీయించండి, లింకు డాక్యుమెంట్లు వరసగా ఉండాలి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. డీ-పట్టా భూముల జోలికి వెళ్లేముందు 1977 నాటి అసైన్డు భూముల చట్టం ఒకటుందని గుర్తుంచుకోండి. విజయనగరం చుట్టూ మాన్సాస్ ట్రస్టు భూములు, దేవాలయాల భూములు విస్తారం, మీకు చూపించేది వాటిలోది కాదని తేల్చుకోండి. లేఅవుటుకి పట్టణాభివృద్ధి సంస్థ ఆమోదం ఉందా? 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టుకి రెరా నంబరు ఉండాలి. రెరా చట్టం కింద రిజిస్టరు ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు అడగకూడదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపుండి ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లు ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం వడ్డీ రాయితీ గురించి బ్యాంకులో అడగండి. మారే వడ్డీ మీద తీసుకున్న అప్పుని ముందుగా తీర్చేస్తే బ్యాంకు జరిమానా వెయ్యకూడదు, బోనసు వచ్చినప్పుడు ఆ సంగతి గుర్తుకు రావాలి.

అన్నిటికంటే కష్టం బంధువుల ముందు మన అంకె మీద నిలబడటం. "అల్లుడుగారూ, ఇంకో అయిదు లక్షలు వేస్తే రోడ్డు మీద ఇల్లొస్తుంది కదండీ" అన్నారు మా మావయ్యగారు, నా మంచి కోరే. పదిమంది కూర్చున్నారు. ఆ అయిదు లక్షలకీ నెలకి నాలుగు వేల పైచిలుకు వాయిదా అని నాకు తెలుసు, జూన్ నెల ఎలా గడిచిందో తెలుసు. "మా శక్తి ఇంతేనండీ మావయ్యగారూ, ఏడాదిగా కట్టి చూసుకున్నాం" అన్నాను. గొంతు వణికింది. అయినా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "కట్టి చూసుకున్నారా? అయితే సరేనండీ" అన్నారు. ఏడాది పాటు వేసిన డబ్బు వెనక లేకపోతే ఆ మాట నా నోట వచ్చేది కాదు. ధైర్యం లేదని బాధపడే కుర్రాళ్లకి నేను చెప్పేది ఇదే: ముందు అంకెలు పోగుచేసుకోండి, మాట వెనకాలే వస్తుంది.

ఏడాది నిండాక ఒక్కోసారి ఇలా జరుగుతుంది: వీధి మీకు సరిపోయింది, కొత్త ఫ్లాటు ధర సరిపోలేదు. అప్పుడు వీధిని వదిలేసి ఊరి బయట కొత్త ఇంటికి పరిగెత్తకండి. ఆ వీధిలోనే పదిహేనేళ్ల నాటి ఫ్లాటో, వాటాల ఇల్లో అమ్మకానికి ఉందేమో కిరాణా కొట్టు ఆయన్ని అడిగి ఉంచండి. పాత మొజాయిక్ నేల, చిన్న వంటగది ఉంటాయి. వంటగది తర్వాత పెద్దది చేయించుకోవచ్చు. కొనేముందు మేస్త్రీని తీసుకెళ్లి స్లాబు చూపించండి, మేడ మీద నీళ్లు నిలుస్తున్నాయేమో చూడమనండి, కరెంటు వైరింగు ఎప్పటిదో అడగండి. మరమ్మతుకి ఆయన చెప్పిన అంకెకి మరికొంత కలిపి బడ్జెట్లో వేసుకోండి.