పితామహుడైన ప్రహ్లాదుడు

ప్రహ్లాదుడనగానే అయిదేండ్ల బాలుడు కన్నులకు కట్టును. పగిలిన స్తంభము, నరసింహస్వామి, ఆయన తొడపై హిరణ్యకశిపుడు, ఒక ప్రక్క చేతులు జోడించి నిలిచిన పసివాడు. సింహాచలము మొదలుకొని అహోబిలము వరకు యాత్రికులు ఎరిగిన రూపమిదియే. ఆ బాలుడు పెరిగి, కుమారుని కని, ఆ కుమారుని పోగొట్టుకొని, మనుమని యెదుట తాతగా వచ్చి నిలుచు ఘట్టమొకటి శ్రీమద్భాగవతము అష్టమ స్కంధమున ఉన్నది. పురాణము వినవచ్చినవారు వామనుని రెండడుగుల వరకు చెవి యొగ్గి విందురు. మూడవ యడుగునకు బలి తన శిరస్సును చూపినతోడనే కథ ముగిసినదనుకొని ఉత్తరీయము సవరించుకొందురు. తాత వచ్చునది ఆ తరువాతనే.

యాచనకు ముందు వామనుడు బలి వంశమును పొగడును. అందు విరోచనుని ప్రస్తావన గలదు. విరోచనుడు ప్రహ్లాదుని కొడుకు, బలికి తండ్రి. దేవతలు బ్రాహ్మణ వేషములతో వచ్చి ఆతని ఆయుస్సును అడిగిరి. వచ్చినవారెవరో ఎరిగియు ఆతడు ఇచ్చివేసెను. వ్యాసభగవానుడు దీనిని ఒక్క శ్లోకములో చెప్పి విడిచెను. కొడుకు తనకంటె ముందు వెడలిపోయిన నాడు ఆ తండ్రి యేమి చేసెనో, ఎవరితో ఏమనెనో అక్కడ లేదు.

ఇప్పుడు మనుమని వంతు వచ్చినది. మూడు లోకములును పోయినవి. గరుడుడు వరుణపాశములతో బలిని బంధించెను. బలి ఆ స్థితిలో మొదట తలచుకొన్నది తాతనే. తండ్రి చేత అన్ని బాధలు పడియు మా తాత నిన్నే శరణు పొందెను గదా, ఈ దేహముతో గాని, ఇంటితో గాని, బంధువులతో గాని నాకేమి పని అని స్వామితో అనుచుండగనే ప్రహ్లాదుడు అచటికి వచ్చెను. పున్నమచంద్రుడు ఉదయించినట్లు వచ్చెనని మూలము. బలి ఆయనను చూచెను. తాత వచ్చినప్పుడు ఎప్పుడును చేయు పూజ చేయుటకు చేతులు కట్టువడి యున్నవి. కన్నుల నీరు నిండగా సిగ్గుతో తలవంచి, శిరస్సుతోనే నమస్కరించెను.

ఈ సిగ్గు ఎందుకు? బలి పాపము చేయలేదు. గురువు వారించినను మాట తప్పలేదు. అయినను తాతలనాటి సంపద తన చేతిలో పోయినది, అదియు తాత చూచుచుండగా పోయినది. లోకమంతయు చూచినను ఓర్చుకొనవచ్చును. తాత చూచుట వేరు.

ప్రహ్లాదుడు మనుమని కట్లు విప్పుమని అడుగలేదు. ముందు స్వామికి సాష్టాంగముగా మ్రొక్కెను. ఇంద్రపదవిని ఇచ్చినవాడవును నీవే, మరల తీసికొన్నవాడవును నీవే. రెండును బాగుగనే యున్నవి. మనుష్యుని మోహపెట్టు సంపద తొలగుట గొప్ప అనుగ్రహమని నేను తలచుచున్నాను. ఆయన మాటల సారమింతే. ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. అనుగ్రహమని ఆయన అన్నది సంపద పోవుటను గూర్చి. విరోచనుని మరణమును గూర్చి ఈ ఘట్టమున ప్రహ్లాదుడు ఒక్క మాటయు అనలేదు. కొడుకు పోవుట కూడ అనుగ్రహమే యని ఆ భక్తశ్రేష్ఠుని నోట రాలేదు. పరామర్శకు పోవువారు ఈ రెంటిని కలిపి మాటలాడుచుందురు. అది తగదు.

ఈ భేదము శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు సీమలోని వృద్ధులకు ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. ఉద్యానవనమను మాటయే ఉద్దానమైనదని పెద్దలందురు. కంచిలి, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో, ఒక వంక మహేంద్రగిరి పంక్తియు ఒక వంక సముద్రమును ఉండగా, నడుమ కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలు. తాత నాటిన చెట్టు తండ్రిని పోషించి, మనుమని చదువునకు రుసుము కట్టెడి సీమ. విళంబి నామ సంవత్సర ఆశ్వయుజ మాసమున, 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. గాలి గంటకు నూట నలుబది కిలోమీటర్లకు మించిన వేగముతో వీచినది. లక్షలాది కొబ్బరిచెట్లు కూలినవి. వేళ్ళతో పెకలి పడినవి కొన్ని; మొవ్వు విరిగి నిలువుగనే యుండిపోయినవి కొన్ని. మొవ్వు విరిగిన చెట్టు మరల చిగుర్పదు. కొబ్బరి యెరిగినవారు దానికి నీరు పోయరు. అయినను కొందరు వృద్ధులు కొన్ని నెలల పాటు పోసిరన్న వింత యేమి యున్నది?

అది సంపదకు వచ్చిన నష్టము. దానికంటె ముందునుండియే ఈ గ్రామములను పట్టిన బాధ మరియొకటి గలదు. మధుమేహము, రక్తపుపోటు లేనివారికిని మూత్రపిండములు నెమ్మదిగా చెడిపోవు వ్యాధి. జనులు కిడ్నీ జబ్బు అందురు. నీరా, ఎండలో చేయు పనియా, మందులా, మరేదియైననా అన్న విషయమున వైద్యశాస్త్రజ్ఞులకు ఇంకను ఏకాభిప్రాయము కుదురలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రముతో కూడిన 200 పడకల ఆసుపత్రియు, హిరమండలము జలాశయమునుండి వంశధార జలములను గొట్టముల ద్వారా ఈ గ్రామములకు తెచ్చు పథకమును ప్రారంభమైనవి. మంచిదే. అంతకు పూర్వమే ఎన్నియో యిండ్లలో తోటపని చేసి యిల్లు నడుపు వయస్సులోని కొడుకులు వెడలిపోయిరి. తాతయు, నాయనమ్మయు, కోడలును, మనుమలును మిగిలిరి. నడుమ తరము లేదు.

అట్టి యింటి దినచర్యను ఊహించుకొనుట కష్టము కాదు. కంచిలిలోని రైలు స్టేషనునకు సోంపేట అని పేరు. హౌరానుండి చెన్నైకి పోవు మార్గమది. తెల్లవారుజామున బండి కూత వినబడగనే తాత లేచును. కొడుకు బ్రతికియున్న దినములలో డయాలిసిస్ నిమిత్తము ఆతనిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు అదే వేళకు లేచెడివాడు. కారణము పోయినది, అలవాటు మిగిలినది. పెరటిలో తులసికి నీరు పోసి, పశువునకు మేత వేసి, మనుమని లేపును. ఈ సీమలో పిల్లవానిని ముద్దుగా గుంటడందురు. గుంటని చొక్కా బొత్తాములు పెట్టుట, పుస్తకముల సంచి భుజమున తగిలించుట, సంతకము చేయవలసిన బడి కాగితమును కన్నులకు దగ్గరగా పెట్టుకొని చదువుట, ఇవి ముప్పది యేండ్ల క్రిందట ఒకసారి చేసిన పనులే. ఇప్పుడు వ్రేళ్ళు వణకును. తండ్రి పేరు వ్రాయవలసిన చోట మనుమడు కలము ఆపి, "తాతా, నాన్న పేరుకు ముందు ఏమి పెట్టవలెను?" అని అడిగిన దినమున తాత ఉత్తరము చెప్పుటకు కొంత సేపు పట్టును.

పితృకార్యమున ఈ చిక్కు మరింత స్పష్టముగా కనబడును. శ్రాద్ధమున తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. మూడు పేర్లు, మూడు పిండములు. తండ్రి పోయి తాత బ్రతికి యున్నచో ఏమి చేయవలెను? జీవించియున్నవానికి పిండము పెట్టరాదు గదా. ఇట్టి యిల్లు ఉండునని ధర్మశాస్త్రకారులు ఏనాడో ఎరుగుదురు. మనుస్మృతి తృతీయాధ్యాయమున దీనికి విధి చెప్పబడినది. కర్త తండ్రి పేరు చెప్పి, జీవించియున్న పితామహుని దాటి, ప్రపితామహుని పేరు చెప్పవలెను. లేదా ఆ శ్రాద్ధమున పితామహుడే భోక్తగా కూర్చుండి భుజింపవచ్చును. లేదా ఆయన అనుమతి పొంది మనుమడు తన యిష్టము చొప్పున ఆచరింపవచ్చును. ఆచరణలో సాధారణముగా కనబడునది మొదటి పద్ధతియే.

ఆ రెండవ మాట దగ్గర ఒక నిమిషము ఆగవలెను. కొడుకు శ్రాద్ధమున తండ్రి విస్తరి ముందు కూర్చుండుట! పదేండ్ల మనుమడు వడ్డించుచుండగా, తన కొడుకు తృప్తి కొరకు తాను భుజించుట! చదువుకొను దినములలో విద్యార్థులు దీనిని మూడు వికల్పములలో ఒకటిగా వల్లెవేసి ముందునకు పోవుదురు. ఆ ముద్ద ఎట్లు గొంతు దిగునో వయస్సు మీరిన తరువాతగాని తోచదు. అయితే శాస్త్రము కఠినమని దీనిని బట్టి అనరాదు. ఆ దినమున ఏ గది మూలనో ఒంటిగా కూర్చుండవలసిన ముసలివానికి శాస్త్రము క్రియ నడుమ ఒక పీట వేసినది. మనుమడు ఆయన యనుమతి అడుగవలెననినది. పేరు దాటినను మనిషిని దాటలేదు.

మంత్రములతో చేయించుకొనువారు ఇట్లు చేయుదురు. మంత్రము లేకయే నువ్వులు నీళ్ళు వదలువారును, బారువ సముద్రతీరమున స్నానము చేసి దండము పెట్టువారును ఉన్నారు. అస్థులను శ్రీకూర్మమునకు కొనిపోయి శ్వేతపుష్కరిణిలో కలుపుట ఈ జిల్లా వారికి తరతరముల ఆచారము. కొడుకు అస్థుల మూటను తండ్రి మోసికొనిపోవుట ఆచారము కాదు. అయినను మోసినవారు ఉన్నారు.

ఇక ఓదార్పు మాటలను గూర్చి. భాగవతమున పుత్రశోకమునకు చెప్పిన గొప్ప ఉపదేశమొకటి సప్తమ స్కంధమున ఉన్నది. హిరణ్యాక్షుడు మరణించినప్పుడు తల్లియైన దితికిని, మరదలికిని వేదాంతము చెప్పినవాడు ఎవరనుకొన్నారు? హిరణ్యకశిపుడు. ఆత్మ నిత్యమనియు, దేహము అనిత్యమనియు, బంధువుల కూడిక చలిపందిరి వద్ద బాటసారుల కూడిక వంటిదనియు ఆతడు చెప్పెను. ఒక్క అక్షరమునకును వంక పెట్టలేము. దితి విని, కోడలితో సహా క్షణములో శోకము విడిచెను. అంత చెప్పినవాడు తరువాత చేసినదేమి? తనకు చావు రాకుండునట్లు వరము కోరి మందరగిరికి తపస్సునకు పోయెను! అందుచేత ఆ మాటలు అబద్ధములు కావు. కాని ఇతరుల గుమ్మములో కూర్చుండి అట్టి మాటలు చెప్పునపుడు ఒకమారు ఆ వక్తను తలచుకొనుట మంచిది. దితివలె క్షణములో విడువగలిగినవారు విడుతురు. విడువలేనివారిని నిందింపరాదు.

స్వామి ప్రహ్లాదునకు ఏమి చెప్పెనో చూచినచో ఈ సంగతి తేటపడును. బలిని కట్లు విప్పి సుతలమునకు పంపుచు ప్రహ్లాదుని వైపు తిరిగి ముందుగా "వత్సా" యని పిలిచెను. వత్సుడనగా బిడ్డ. కొడుకును పోగొట్టుకొని, మనుమని రాజ్యము పోవుట చూచిన ముసలివానిని బిడ్డా యని పిలుచువారు ఈ లోకమున ఎవరు మిగిలియుందురు? తండ్రి లేడు, ఆ తండ్రిని చంపినవాడే పిలుచుచున్నాడు. పిలిచి, నీకు మేలగును, నీవును సుతలమునకు పొమ్ము, నీ మనుమనితో కూడి సంతోషముగా నుండి బంధువులకు సుఖము కలిగింపుము, అక్కడ గదాపాణినై నిలిచియున్న నన్ను నిత్యము చూచుచుందువు అనెను.

వైరాగ్యము బోధింపలేదు. అడవికి పొమ్మనలేదు. ఇంతటి భక్తునకు వైకుంఠమైనను అప్పుడే యీయలేదు. మనుమనితో ఉండుమనెను, అదియు సంతోషముతో ఉండుమనెను. పోయిన కొడుకును మరచిపొమ్మని ఆ వాక్యములో లేదు. తాను మాత్రము వాకిట కావలి యుందుననెను. ప్రహ్లాదుడు చేతులు జోడించి, ఆ ఆజ్ఞను తలదాల్చి, ప్రదక్షిణము చేసి, సుతలమున ప్రవేశించెను. ఆ తరువాత ఆ తాతయు మనుమడును అక్కడ ఏమి మాటలాడుకొనిరో పురాణము చెప్పదు. విరోచనుని మాట ఒకనాడైనను వారి నడుమ వచ్చియే యుండును.

ఉద్దానమున తిత్లీ తరువాత మరల కొబ్బరిమొక్కలు నాటిరి. నాటు కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. డెబ్బది యేండ్లవాడు గొయ్యి త్రవ్వించి మొక్క పెట్టుచుండగా దారిన పోవువారు నవ్వరు. ఈ సీమలో అందరి చెట్లును అట్లు వచ్చినవే. మనుమడు ప్రక్కన నిలిచి బిందెతో నీరు పోయును. అప్పటి మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేయుచున్నవి. తండ్రి తిథినాడు బ్రహ్మగారు దర్భలు సర్దుచు, "నాన్నగారి పేరు చెప్పు నాయనా" అనును. పిల్లవాడు చెప్పును. "తరువాత ముత్తాతగారి పేరు." పిల్లవాడు ప్రక్కనున్న తాత వంక ఒకమారు చూచి, ఆయన తల యూపిన పిమ్మట ఆ పేరు చెప్పును. క్రియ ముగిసి, చేతులు కడిగికొన్న తరువాత, పెరటి చెట్టునుండి దింపిన బొండము చెక్కించి ఆ నీటిని లోటాలో పోసికొని వచ్చి మొదట తాతకే ఇచ్చును.