కాంటా ముందు నమ్మకము

వాణిజ్యశాస్త్ర గ్రంథములలో పెట్టుబడిని స్థిరమనియు చరమనియు విభజించి చెప్పుదురు. భవనము, యంత్రము, సరుకు, రొక్కము మున్నగువానిని ఆస్తి అప్పుల పట్టీలో అంకెలుగా వ్రాయవచ్చును. అంకెగా వ్రాయుటకు వీలుకానిదియు, అది పోయిననాడు తక్కినవన్నియు విలువ కోల్పోవునదియు అయిన పెట్టుబడి మరొకటి కలదు. "గుడ్‌విల్" అను పేరిట దానికి వెలకట్టుట పాఠ్యపుస్తకములలో కలదు గాని, అది దుకాణము చేతులు మారునప్పటి లెక్క. దినదినము గల్లా ముందు నడచు లెక్క వేరు. దానిని తెలుగున నమ్మకమనియు, ఉర్దూలో ఎత్‌బార్ అనియు అందురు. మన ఆర్మూరు బజారులో ఈ రెండు మాటలును ఒకే నోట వినవచ్చును.

"షావుకారు" అను మాటకు మూలము సంస్కృతమున "సాధు" శబ్దమని భాషావేత్తలు చెప్పుదురు. అది ప్రాకృతమున "సాహు" అయి, "సాహుకార్" అయి, మన నోట షావుకారు అయినది. సాధువునకును సరుకునకును ముడివేసిన ఆ పూర్వులెవరో గాని, ఆ బిరుదునకు తగినట్లు నడచుకొనుట ఎంత కష్టమో వారెరుగుదురనియే మేము తలచుచున్నాము. తూకమున మోసముచేయువారికి హెచ్చరికతో పవిత్ర ఖురాన్‌లోని 83వ అధ్యాయము ప్రారంభమగుచున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రమున తూనికలు కొలతలు పర్యవేక్షించు పౌతవాధ్యక్షునికి ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. అనగా ఈ సమస్య నేటిది కాదు, ఏ ఒక్క జాతిదియు కాదు.

మన ఊరి వ్యాపారమునకు ఒక విశేషము కలదు. మహానగరములో అమ్మువాడు వేరు, కొనువాడు వేరు. ఒకసారి చూచిన ముఖము మరల కనిపింపకపోవచ్చును. ఇచ్చట అట్లు కాదు. ఫాల్గుణ మాసమున పసుపు అమ్ముకొనుటకు వచ్చిన రైతే మరునాడు బట్టల దుకాణమునకును, పిమ్మట ఎరువుల దుకాణమునకును, బిడ్డ పెండ్లికి బంగారు దుకాణమునకును వచ్చును. కాంటా వద్ద అతని మనస్సు విరిగినచో ఆ విరుపు బజారంతయు తిరుగును.

పసుపు పంట స్వభావమును కొంచెము విచారింతము. జూను మాసమున విత్తిన దుంప తవ్వకమునకు వచ్చుటకు ఎనిమిది, తొమ్మిది నెలలు పట్టును. తవ్విన పిమ్మట ఉడకబెట్టవలెను. పది పదిహేను దినములు కల్లములో ఎండబెట్టవలెను. డ్రమ్ములో వేసి పాలిషు చేయవలెను. కొమ్మును మండను వేరుచేయవలెను. సంవత్సరములో అధికభాగము సాగిన ఈ శ్రమకు ఫలితము తేలునది మార్కెట్టులో కొద్ది నిమిషములలో. ఖరీదుదారు ఒక కొమ్మును విరిచి లోపలి రంగును చూచును, చేతిలో ఆడించి శబ్దము వినును, తేమ ఎంతయో అంచనా వేసి ధర చెప్పును. ఆ నిమిషమున రైతునకు తెలియని సంగతులు మూడు: తేమ నిజముగా ఎంత, దూరపు మార్కెట్లలో ధర ఎంత, తరుగు పేరిట తీయునది ఎంత. తెలిసినవానికిని తెలియనివానికిని నడుమ నిలిచిన ఈ ఖాళీని చట్టము కొంతవరకే పూడ్చగలదు.

చట్టము ప్రయత్నింపకపోలేదు. వ్యవసాయముపై నియమింపబడిన రాయల్ కమిషన్ 1928లో తన నివేదికలో క్రమబద్ధమైన మార్కెట్లను, ఒకే విధమైన తూనికలను సిఫారసు చేసినది. హైదరాబాదు సంస్థానమున ఫసలీ 1339లో, అనగా 1930లో, వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చినది. పిమ్మట 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము వచ్చినది. 1958 నుండి క్రమముగా మెట్రిక్ తూనికలు వచ్చి సేరు, మణుగు, పల్లాల లెక్క తగ్గినది. ఊరికొక తూకముండుట మోసమునకు అనువైన చీకటి వంటిది. ఆ చీకటి తొలగుట చిన్న విషయము కాదు.

కాని మరొక చీకటి కలదు. దానిని ఉభయ భాషల విద్యార్థులమైన మేము ప్రత్యేకముగా గమనించితిమి. సంస్థాన కాలమున రాజభాష ఉర్దూ. దస్తావేజులు, రసీదులు ఆ లిపిలో ఉండెడివి. పొలము దున్నువారిలో అత్యధికుల ఇంటి భాష తెలుగు; చదువు రానివారు పెక్కుమంది. తన సరుకునకు వ్రాసిన కాగితమును తాను చదువలేని మనిషి దానిపై వ్రేలిముద్ర వేయుట నమ్మకమనిపించుకొనునా? మా అభిప్రాయమున అది నమ్మకము కాదు, గత్యంతరము లేకపోవుట. చాలకాలము మన వర్తకులు ఈ రెండింటిని ఒకటిగా భావించిరి. రైతు ఎదురు ప్రశ్న వేయనంత మాత్రమున నమ్మినాడని అర్థము కాదు. ఎదురు ప్రశ్న వేయగలిగియు, కాగితము చదువగలిగియు, మరల అదే దుకాణపు గడప తొక్కిననాడే నమ్మినాడని అర్థము.

నమ్మకము తెగినప్పుడు ఏమగునో ఆర్మూరు ప్రజలకు గ్రంథములు చెప్పనక్కరలేదు. మన ప్రాంతమున యాసంగిలో ఎర్రజొన్న పండింతురు. ఆ గింజ మన తిండికి కాదు. ఉత్తర భారతమున పశుగ్రాసపు విత్తనముగా పోవును. కనుక రైతు దానిని సంతలో చిల్లరగా అమ్ముకొనలేడు, కొను వ్యాపారి మాటపైననే ఆధారపడవలెను. 2008లో సరుకు అప్పగించిన రైతులు డబ్బు చేతికందక ఆర్మూరు వీధులకెక్కిరి. ఆ బకాయి తీరినది 2014లో. అదియు తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట ప్రభుత్వము సుమారు 11 కోట్ల రూపాయలు చెల్లించుటచే. ఆరు సంవత్సరములు! ఆ నడుమ ఎన్ని పెండ్లిండ్లు ఆగినవో, ఎన్ని అప్పులకు వడ్డీ పెరిగినదో ఎవరును లెక్కింపలేదు.

నాటి వ్యవహారమున తప్పొప్పులు నిర్ణయించుట మా పని కాదు. విద్యార్థులుగా మేము నేర్చుకొనదగినది ఒకటి కలదు. వర్తకుడు మాట తప్పుటకు దురాశయే కారణము కానక్కరలేదు. పోటీదారుని మించవలెనను తొందరలో, తాను అమ్మబోవు ధర తేలకమునుపే రైతునకు పెద్ద ధర చెప్పుటయు ఒక కారణము కావచ్చును. తక్కువ ధర చెప్పినవాడు ఆ దినమున చెడ్డవాడగును. చెల్లింపలేని ధర చెప్పినవాడు ఆ దినమున దేవుడగును. పంట అప్పగించిన పిమ్మట గాని వీరిద్దరిలో ఎవరు హితులో తెలియదు. పైగా ఒకరు తప్పిన మాటకు బజారంతయు వడ్డీ కట్టవలసి వచ్చును. నిజాయితీపరుని కూడ రైతు "ముందు రొక్కము పెట్టుము" అనును. అట్లనుట అతని తప్పు కాదు.

ఇంతవరకు బయటివారితో వ్యవహారమును గూర్చి చెప్పితిమి. ఇక దుకాణము లోపలికి వత్తము. మా ఉద్దేశమున అసలు విషయమిచ్చటనే యున్నది.

కాంటాపై బస్తా పెట్టువాడు హమాలీ, తూకము చూచువాడు దడువాయి, కాగితము వ్రాయువాడు గుమాస్తా. రైతునకు షావుకారు ముఖము కనిపించుట అరుదు, ఈ ముగ్గురి ముఖములే కనిపించును. షావుకారు నిజాయితీని రైతునకు అందించువారు వీరే. మరి వీరితో షావుకారు ఎట్లున్నాడు? కూలి ఇంతయని ముందుగా చెప్పి, సాయంకాలము అంతయే ఇచ్చుచున్నాడా? బస్తాల లెక్కలో పదింటిని మరచుచున్నాడా? "తూకము కొంచెము చూచి వేయుము" అని కనుసైగ చేయుచున్నాడా? అట్టి సైగ నేర్చిన సేవకుడు దానిని యజమానిపైనను ప్రయోగింపగలడు. రైతు వద్ద అరకిలో కాజేయుట నేర్పి, గల్లాలో అర్ధరూపాయి కాజేయరాదని ఉపదేశించుట వలన ప్రయోజనమేమి?

మన జిల్లాలో ఇందుకు ఇంటింట తెలిసిన ఉదాహరణము బీడీ పని. తునికాకు, తంబాకు, దారము ఇంటికి తెచ్చుకొని, వేయి బీడీల లెక్కన చుట్టి ఇచ్చు తల్లులు, అక్కచెల్లెండ్రు మా తరగతిలో పెక్కుమంది ఇండ్లలో ఉన్నారు. మా ఫీజులు కొన్ని ఆ చేటలోనివే. ఆ పనిలో కూలి రేటునకు సమానమైన తగవు మరొకటి కలదు: చుట్టి తెచ్చిన బీడీలలో కొన్నింటిని నాసిరకమని తీసివేయుట. తీసివేసిన వానికి కూలి లేదు. ఇచ్చిన ఆకులో చిల్లులాకు ఎంతయో అడుగువారు లేరు. ఈ తగవులు ఎంత సామాన్యమైనవనగా, 1966లో పార్లమెంటు బీడీ, సిగారు కార్మికుల చట్టము చేసినప్పుడు, ఇచ్చిన ముడిసరుకును గూర్చియు, తిరస్కరించిన బీడీలను గూర్చియు వచ్చు వివాదముల పరిష్కారమునకు ప్రత్యేకముగా ఒక నిబంధన పెట్టవలసి వచ్చినది. చుట్టిన స్త్రీ ఎదుటనే ఏ బీడీ ఎందుకు తీసివేసిరో చూపి చెప్పినచో ఆ తగవులలో సగము పుట్టనే పుట్టవని మేము నమ్ముచున్నాము.

పనివానికి జరిగిన అన్యాయమునకును, కొనువానికి జరిగిన అన్యాయమునకును మూలమొక్కటేయని నిరూపించు దృష్టాంతము పొరుగు దేశమైన బంగ్లాదేశ్‌లో కలదు. అదియు పసుపునకు సంబంధించినదే. 1980 దశకమున వచ్చిన పెద్ద వరదలలో తడిసిన పసుపు రంగు మాసినది. కొనువారికి మెరియు పచ్చదనము కావలెను. పాలిషు మిల్లులలో లెడ్ క్రోమేట్ అను సీసపు రంగును కలుపు అలవాటు అప్పుడు మొదలై దశాబ్దముల పాటు సాగినది. సీసము పిల్లల మెదడునకు హాని చేయును. పరిశోధకులు ఈ సంగతిని 2019లో వెల్లడించగా, ఆ దేశపు ఆహార భద్రతాధికారులు బజారులలో ప్రచారము చేసి, తనిఖీలు జరిపి, కల్తీ చేసినవారికి జరిమానా వేసిరి. 2019లో బజారు పసుపు నమూనాలలో నూటికి 47 సీసముతో నుండగా, 2021 నాటికి ఒక్కటియు కనబడలేదు. మిల్లు కార్మికుల రక్తములోని సీసము సుమారు నూటికి 30 పాళ్లు తగ్గినది.

ఈ చివరి మాటను పాఠకులు మరల ఒకసారి చదువవలెనని కోరుచున్నాము. తినువానికంటె ముందుగా ఆ పొడిని పీల్చినవాడు మిల్లులో నిలబడిన కూలివాడు. తన వాకిటి పనివాని ఊపిరిని లెక్కచేయని యజమాని, ఎన్నడును చూడని కొనుగోలుదారుని బిడ్డను లెక్కచేయునా? కొనువారి కన్నును కూడ మేము తప్పుపట్టుదుము. లోపలి గుణమును అడుగక పైమెరుపునకు ధర పెట్టినంతకాలము మెరుపే తయారగును. ఈ గుణమునకు మంచి రకములు కనుగొనుటకు మన సమీపమున కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా స్థానము కలదు. విద్యార్థులు ఒకసారి చూడదగినది.

యంత్రము వచ్చి నమ్మకపు పని చేయునని కొందరు తలంతురు. 2016 ఏప్రిల్ 14న ఇ-నామ్ అను జాతీయ విద్యున్మాన మార్కెట్టు 21 మార్కెట్లతో ప్రారంభమైనప్పుడు వానిలో నిజామాబాదు ఒకటి. ఖరీదుదారులు ఒకరి ధర మరొకరికి తెలియకుండ నమోదు చేయుట మంచి మార్పే. అయినను మన రైతులు కొందరు వందల కిలోమీటర్ల దూరమున మహారాష్ట్రలోని సాంగ్లీకి లారీలలో పసుపు తీసికొనిపోవుట కలదు. కిరాయి, బస, కాలయాపన భరించి అంత దూరము పోవువాడు ధర కొరకే పోవుననుకొనుట తేలిక. ఇచ్చటి మాటపై అతని మనసెట్లున్నదో కూడ విచారింపవలెను. యంత్రము ధరను చూపును గాని, తేమ లెక్కను, తరుగును, డబ్బు చేతికి వచ్చు దినమును చూపువాడు మనిషే. వెంటనే రొక్కము కావలెనన్న నూటికింత కోయు అలవాటు ఏ యంత్రములోను కనబడదు.

2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీచేసిరి. వారిలో 170 మందికి పైగా రైతులు. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర వారి కోరికలు. గెలుపు కొరకు కాక వినిపించుట కొరకు వేసిన నామినేషన్లవి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైనది. దాని కేంద్ర కార్యాలయము నిజామాబాదులోనే యున్నది. బోర్డు విదేశములలో మన పసుపునకు పేరు తేగలదు. ఆర్మూరు కాంటా వద్ద పేరు తేవలసినవారు మాత్రము రేపు ఈ కళాశాల నుండి వెళ్లి గుమాస్తాలును, వర్తకులును, అధికారులును కాబోవు మనమే.

కనుక కళాశాల సంఘము వారికి ఒక విన్నపము. పసుపు వచ్చు కాలమున, అనగా ఫిబ్రవరి మొదలు మే వరకు, వారమునకు రెండు దినములు వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఇద్దరిద్దరు చొప్పున, మార్కెట్టు వారి అనుమతితో, యార్డులో ఒక బల్ల వేసికొని కూర్చుండునట్లు ఏర్పాటు చేయవలెను. రైతు తెచ్చిన కాగితములోని తూకము, తరుగు, హమాలీ, చేతికి రావలసిన మొత్తము అతనికి తెలుగునను, కోరినవారికి ఉర్దూలోను చదివి చెప్పుటయు, కూడిక తప్పినచో గుమాస్తాకు మర్యాదగా చూపుటయు వారి పని. హమాలీలు కోరినచో వారి కూలి లెక్కను కూడ అదే బల్లపై సరిచూడవచ్చును. బల్ల, రెండు కుర్చీలు, ఒక రిజిస్టరు చాలును. మొదటి దినమున వచ్చుటకు మాలో ఆరుగురము ఇప్పటికే పేర్లిచ్చితిమి.