చలువలోని శాస్త్రం

గ్రీష్మతాపానికి అలసిన మనిషి చల్లదనాన్ని కోరుకోవడం సహజం. శీతల యంత్రాలు లేని కాలంలోనూ పూర్వులు ఆ కోరిక తీర్చుకునే ఉపాయాలను కనుగొన్నారు. 16వ శతాబ్దం చివర అబుల్ ఫజల్ రచించిన 'అయిన్-ఇ-అక్బరీ'లో సురేకారంతో నీటిని చల్లబరిచే పద్ధతి వర్ణితమైంది. లవణం సాయంతో చలువను పొందే అటువంటి నేర్పే మరో రూపంలో నేటి మట్కా కుల్ఫీకి ఆధారమైంది. పుదీనా కుల్ఫీ తయారీని పరిశీలిస్తే ఆ నేర్పు వెనుక ఉన్న శాస్త్రం బోధపడుతుంది.

ఇందుకు ఒక లీటరు చిక్కని పాలు, 100 గ్రాముల పంచదార, గుప్పెడు లేత పుదీనా ఆకులు చాలు. పాలను సన్నని సెగపై, అడుగంటకుండా కలుపుతూ, సగమయ్యేవరకు మరిగించాలి. నీరు తగ్గినకొద్దీ పాలలోని కొవ్వు, మాంసకృత్తులు చిక్కబడి, గడ్డకట్టే వేళ పెద్ద మంచు పలుకులు ఏర్పడకుండా అడ్డుకుంటాయి. తొందరపడి పలుచని పాలనే గడ్డకట్టిస్తే కుల్ఫీ నోటికి ఇసుకవలె తగులుతుంది.

పుదీనా పరిమళం ఆకులోని తైలంలో ఉంటుంది. అది వేడికి త్వరగా ఆవిరైపోతుంది. కనుక ఆకులను పాలతో మరిగించరాదు. పాలను దింపి, పంచదార కరిగించి, కడిగి నలిపిన ఆకులను వేసి మూతపెట్టాలి. పావుగంట తరువాత వడకట్టాలి. ఎక్కువసేపు ఉంచితే చేదు దిగుతుంది. తులసి ఆకులకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. చల్లని పదార్థంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది. అందుచేత గడ్డకట్టకముందు పాలు కొంచెం ఎక్కువ తియ్యగా ఉండాలి.

చల్లారిన పాలను మూతగల లోహపు అచ్చులలో, కొంత ఖాళీ వదిలి పోయాలి. గడ్డకట్టేటప్పుడు పాలు వ్యాకోచిస్తాయి. ఒక కుండలో మూడు వంతుల మంచు ముక్కలకు ఒక వంతు కల్లుప్పు కలిపి, అచ్చులను అందులో పాతిపెట్టాలి.

స్వచ్ఛమైన మంచు 0 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. పంచదార కలిసిన పాలు అంతకంటే తక్కువ ఉష్ణోగ్రత వద్ద గాని గడ్డకట్టవు. అందువల్ల వట్టి మంచు చాలదు. ఉప్పు చేరగానే మంచు వేగంగా కరుగుతూ, అందుకు కావలసిన వేడిని పాలనుంచి గ్రహిస్తుంది. తగిన పాళ్ళలో ఉప్పు, మంచుల మిశ్రమం సుమారు -21 డిగ్రీల వరకు చల్లబడగలదు. పాలలో పంచదార చేసే పనినే మంచులో ఉప్పు చేస్తుంది. రెండూ గడ్డకట్టే ఉష్ణోగ్రతను తగ్గిస్తాయి. పంచదార వల్ల కుల్ఫీకి మృదుత్వం, ఉప్పు వల్ల చలువ సమకూరుతాయి.

ఆ మిశ్రమాన్ని వట్టిచేతులతో తాకితే చర్మం దెబ్బతింటుంది. బజారులో కొన్న మంచు శుభ్రమైన నీటితో చేసినదో కాదో తెలియదు. కాబట్టి మూత తీసేముందు అచ్చును మంచినీటితో కడగాలి. ఈపాటి జాగ్రత్త, ఓర్పు ఉంటే విద్యుత్తు లేని ఇంట కూడా పుదీనా కుల్ఫీ సిద్ధమవుతుంది.

ప్రశ్నలు

1. పుదీనా ఆకులను పాలతో మరిగించకపోవడానికి కారణమేమి?
2. వట్టి మంచుతో కుల్ఫీ ఎందుకు గడ్డకట్టదో వివరించండి.